పాత కంప్యూటర్‌లో నాటు పాటలు

కొత్తగూడ కూడలి నుంచి లోపలికి వచ్చే ఒక సందులో మా ఇల్లు. ఇంటి ముందు గదికి రోడ్డు వైపు షట్టర్ ఉంది. నా భార్య ఆ గదిలో డీటీపీ పని చేసేది. పెళ్లి కార్డులు, గృహప్రవేశాల కార్డులు, చిట్‌ఫండ్ వాళ్ల కరపత్రాలు, అప్పుడప్పుడు చనిపోయినవాళ్ల దశదిన కర్మ కార్డులు. ఆమె దశదిన కర్మ కార్డు మాత్రం బయట చేయించాల్సి వచ్చింది. నాకు తెలుగు టైపు రాదు.

ఆమె పోయి నాలుగేళ్లయింది. షట్టర్ దించే ఉంటుంది. లోపలి తలుపు తీసుకుని, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని నా పని నేను చేసుకుంటాను. నాది లెక్కల పని. చదివింది ఇంటర్ దాకే. కర్నూలు వైపు నాపరాళ్ల గనిలో బండలు కొలిచి చదరపు అడుగులు కట్టడంతో మొదలుపెట్టి, ఒక కాంట్రాక్టర్ వెంట ఈ ఊరు వచ్చాను. ఇప్పుడు మాదాపూర్‌లో కొన్ని హాస్టళ్లకు లెక్కలు రాస్తాను, నెలనెలా వాళ్ల పన్ను వివరాలు వెబ్‌సైట్‌లో ఎక్కిస్తాను. ఈ పని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అందుకని ఏ లెక్కనైనా పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడుతాను. రెండూ ఒకటైతేనే నాకు నిద్ర పడుతుంది.

ఈ స్థలం నా భార్య పుట్టింటివాళ్లది. పొలమంతా పోగా మిగిలిన ముక్క. కింద మా అత్తమ్మ, ఆమె చిన్నకూతురు, అంటే నా మరదలు ఉంటారు. మరదలు ఒక ఆఫీసులో క్యాంటీన్ చూసుకుంటుంది. నేను మేడమీద ఉంటాను. అత్తమ్మ ఈ నేల మీదే నాట్లు వేసిన మనిషి. ఇప్పుడు అద్దాల ఆఫీసులు ఉన్న చోట్లన్నీ ఆమెకు మడులూ గుండ్లూను. ఆ రాతిగుండ్లకు ఒక్కోదానికి ఒక్కో పేరు ఉండేదట. "ఫ్లైఓవర్ దిగినంక ఎడమకు" అని మేమంటే, "గదే, పెద్దమడి కాడ" అనేది.

నాట్లు వేసేటప్పుడు పాడే పాటలు ఆమెకు చాలా వచ్చు. ఆ పాటలకు ఒక పద్ధతి ఉంది. ఒకరు ఎత్తుకుంటారు, వరుసలో వంగి ఉన్నవాళ్లంతా అందుకుంటారు. ఎత్తుకునేవాళ్లు ఆగితే నాటు ఆగుతుంది. ఎత్తుకోవడం ఎప్పుడూ మా అత్తమ్మదే.

కార్డుల పని లేని రోజుల్లో నా భార్య ఆ పాటలు తల్లి చేత చెప్పించుకుని టైపు చేసేది. టైపు అయ్యాక తప్పులు చూడటానికి నన్ను పిలిచేది. డీటీపీ వాళ్ల పద్ధతి అది: ఒకరు తెర మీదిది పైకి చదవాలి, ఇంకొకరు వినాలి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది. నేను చదివేవాణ్ని, తల్లీకూతుళ్లు వినేవాళ్లు.

"గుండు కింది మడిల నారు పోసిన ఓ వదినా. గువ్వలొచ్చి గింజలేరె ఓ వదినా."

"ఏందే, మీ ఆయన నాటు పాటను బండలు కొలిచినట్టు సదువుతుండు?" అనేది అత్తమ్మ. "గంత పొడుగు, గింత ఎడల్పు. గట్ల సదివితే గువ్వలు ఎగిరిపోతయ్."

"చదవడమే కదత్తా నా పని. పాడేది మీరు."

"అరె, నోట్లె రాయి పెట్టుకున్నవా అల్లుడా? 'వదినా' అని జర సాగదియ్యి. మీ సీమల వదినలు లేరా?"

"ఉన్నారు. సాగదీస్తే కొడతారు."

నా భార్య నవ్వుతూనే కీబోర్డు మీద వేళ్లు ఆడించేది. అచ్చు వేద్దాం అంటే, "ఇంకా ఉన్నయట, అన్నీ అయినంక పుస్తకం లెక్క కొడదాం" అనేది. అన్నీ ఎప్పుడూ కాలేదు. తల్లికి కొత్తగా ఒకటి గుర్తొస్తూనే ఉండేది.

భార్య పోయిన మరుసటి ఏడు అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మూతి, మాట. చెయ్యి కొంత కోలుకుంది. మాట రాలేదు. ఏది కావాలన్నా "ఇగో", ఏది వద్దన్నా "ఇగో". నీళ్లకూ అదే, కోపానికీ అదే. అంత మాటకారి మనిషికి ఆ ఒక్క మాట మిగిలింది.

ఒక ఆదివారం పొద్దున నేను ముందు గదిలో లెక్కలు చూసుకుంటుంటే మరదలు తల్లిని తీసుకొచ్చి నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టి దుకాణానికి వెళ్లింది. ఊరికే ఉండలేక పాటల ఫైలు తెరిచి, పాత అలవాటు కొద్దీ పైకి చదివాను. "గుండు కింది మడిల నారు పోసిన ఓ వదినా." ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

పక్కనుంచి పాట వచ్చింది. "గువ్వలొచ్చి గింజలేరె ఓ వదినా."

వంకర మూతితో, సన్నటి గొంతుతో, కానీ ఒక్క మాట కూడా తప్పిపోకుండా వచ్చింది. నేను ఆమె వైపు తిరిగి, "అత్తా, మాట వచ్చిందే!" అన్నాను. ఆమె "ఇగో, ఇగో" అని ఏడ్చింది. మాట్లాడబోతే రాలేదు. తర్వాతి వాక్యం చదివితే దాని జోడు మళ్లీ వచ్చింది.

దవాఖానలో మాటల చికిత్స చేసే అమ్మాయిని అడిగితే, అది ఉండేదే అంది. మాట పోయినా పాట మిగలొచ్చట. మెదడులో మాటకూ పాటకూ దారులు వేరట. "కానీ ఆమె సొంతంగా ఎత్తుకోలేదండీ. ఎవరైనా మొదలుపెడితేనే అందుకుంటుంది. ఆపకండి, ఇప్పుడు ఆమె నోరు తిరిగేది ఇదొక్క చోటే. మానేస్తే ఇదీ పోతుంది," అంది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను ఎత్తుకునేవాణ్ని, అత్తమ్మ అందుకునేది. జీవితమంతా ఎత్తుకున్న మనిషి నా బండల లెక్క చదువు వెంట నడిచేది. పొద్దున్నే తల దువ్వించుకుని, మంచి చీర కట్టించుకుని, గంట ముందే వచ్చి కుర్చీలో కూర్చునేది. మరదలు ఒకసారి ఫోన్‌లో రికార్డు చేయబోయింది. ఫోన్ ఎత్తగానే అత్తమ్మ కొంగుతో మూతి కప్పుకుని పాట ఆపేసింది. వంకర మూతి ఎవరూ చూడకూడదని. ఇంకోసారి దాచి పెట్టి తీయబోతే కనిపెట్టి, ఆ పూటంతా పాడలేదు. ఇక మేమూ ఆ ప్రయత్నం మానుకున్నాం. ఫైలు ఉంది, ఆదివారాలు ఉన్నాయి అనుకున్నాం.

కంప్యూటర్ సంగతి ఈలోగా ముదిరింది. తెరిచిన ప్రతిసారీ ఈ సిస్టమ్‌కు ఇక భద్రత లేదని ఒక ప్రకటన వచ్చేది. దాన్ని మూసేసి పని చేసుకునేవాణ్ని. తర్వాత పన్నుల వెబ్‌సైటే దానిలో తెరుచుకోవడం మానేసింది. హాస్టళ్ల వాళ్లకు గడువు తప్పితే జరిమానా పడుతుంది. కొత్త కంప్యూటర్ కొందామా అంటే, ఆమె వాడిన కీబోర్డు, ఆమె అరచెయ్యి ఆనించే చోట రంగు పోయిన బల్ల, వాటి మధ్య ఇంకో పెట్టెను పెట్టడానికి మనసు రాలేదు. లోపలి సిస్టమ్ మాత్రం మార్పిద్దాం అనుకున్నాను.

కూడలి దగ్గర రిపేర్ల దుకాణం నడిపే ఆయన ఇంటికే వచ్చాడు. నా వయసువాడే. పెట్టె విప్పి చూసి నవ్వాడు.

"అన్నా, దీన్ని మ్యూజియంల పెట్టి టికెట్ కొట్టు. రెండు పైసలొస్తయ్."

"నడుస్తుందా, లేదా?"

"నడుస్తది. డిస్క్ మార్చి, ర్యామ్ ఏసి కొత్త సిస్టమ్ ఎక్కిస్త. కానీ పాతదంత సాఫ్ చేస్త మరి. పైలం, ఏమన్న ఉంటే తీసి పెట్టుకో. ఇంక సాఫ్ట్‌వేర్లు గిట్ల ఏమన్న ఉన్నయా?"

"నా లెక్కలున్నాయి. తెలుగు ఫైళ్లున్నాయి."

"తెలుగా? ఇప్పుడు కొత్త దాంట్ల తెలుగు పుట్టుకతోనే వస్తదన్నా. ఫికర్ చెయ్యకు."

ఆయన అన్నది అబద్ధం కాదు. కొత్త సిస్టమ్‌లో తెలుగు ఉంటుంది. నేను రెండు రోజులు కూర్చుని అన్ని ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అటు ఎన్ని ఉన్నాయో ఇటు ఎన్ని ఉన్నాయో చూశాను. అటు ఎంత సైజో ఇటు ఎంత సైజో చూశాను. ఒక్క అంకె తేడా లేదు. పాటల ఫోల్డర్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించాను. రెండు వైపులా కూడి సరిపోయిందంటే నా దృష్టిలో పని పూర్తయినట్టే. పాత డిస్క్‌ను తుడిచి ఇంకెవరి కంప్యూటర్‌లోనో వాడుకుంటానంటే తీసుకుపొమ్మన్నాను.

పన్నుల వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంది. ఆ వారమంతా సంతోషంగా పని చేసుకున్నాను.

ఆదివారం అత్తమ్మ వచ్చి కూర్చుంది. పాటల ఫైలు తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఏవో పరాయి అక్షరాలు. ఇంకో ఫైలు తెరిచాను. అదీ అంతే. రెండో పెన్‌డ్రైవ్ పెట్టాను. అందులోనూ అంతే. ఒక్క అంకె తేడా లేకుండా అంతా ఉంది, చదవడానికి ఒక్క అక్షరం లేదు.

"ఇగో," అంది అత్తమ్మ, మొదలుపెట్టమని.

రిపేరాయన సాయంత్రం వచ్చి చూసి తల పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. నా భార్య వాడింది పాతకాలపు తెలుగు సాఫ్ట్‌వేర్. అందులో అక్షరాలు నిజానికి ఇంగ్లీషు గుర్తులే. వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది, అంతే. తలకట్టుకు ఒక గుర్తు, గుడికి ఒక గుర్తు, ఒత్తుకు ఇంకోటి. ఆ తొడుగు ఫైల్లో ఉండదు, సిస్టమ్‌లో ఉంటుంది. నేను మోసుకొచ్చింది గుర్తుల్ని. తొడుగు పాత డిస్క్‌తో పోయింది. ఆ డిస్క్‌ను అప్పటికే తుడిచి ఇంకొకరి కంప్యూటర్‌లో వేసి, దానిలో ఇంకేవో ఎక్కించాడు. సాఫ్ట్‌వేర్ చేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడిందట. గుర్తుల్ని తెలుగులోకి మార్చే సైట్లు ఉన్నాయని రెండు మూడు చూపించాడు. వాటిలో పెడితే వచ్చింది తెలుగే కానీ మాటలు కావు, ఎవరో నిద్రలో గొణిగినట్టు ఉంది.

"మాఫ్ చెయ్యన్నా. తెలుగంటే అంత ఒక్కటే అనుకున్న," అన్నాడు. నేనూ అదే అనుకున్నానని చెప్పాను.

మీకు అన్ని పాటలూ అన్నిసార్లు చదివాక ఒక్కటైనా నోటికి రాలేదా అని ఎవరైనా అడగొచ్చు. నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. ఏ పాట ఎన్ని వాక్యాలో చెప్పగలను. ఏది ఏ పేజీలో మొదలవుతుందో చెప్పగలను. మాటలు మాత్రం కళ్లతోనే చదివాను, లోపలికి పోనివ్వలేదు. గువ్వల పాటలో మొదటి రెండు వాక్యాలు వచ్చు. ఆ తర్వాత ఏదో గూడు గురించి.

"నీకు రాదా?" అని మరదల్ని అడిగాను.

"రాగం ఎరుకే బావా. నేను పుట్టేసరికి నాట్లెక్కడియి? ప్లాట్లే. మాటలు అక్కకే ఎరుక."

తర్వాతి ఆదివారం ఆ రెండు వాక్యాలతోనే కూర్చున్నాను. ఒకటి చదివితే జోడు వచ్చింది. ఆమె మూడోదాని కోసం నా నోటి వైపు చూసింది. గుర్తున్నట్టు ఏదో కట్టి అన్నాను. ఆమె మొహం చిట్లించి, "ఇగో!" అంది గట్టిగా. తప్పని. ఇంకోటి అన్నాను. "ఇగో!" ఎడమ చేత్తో కుర్చీ మీద కొట్టింది. ఆమెకు తెలుసు. లోపల ఉంది. నేను ఎత్తుకుంటే తప్ప బయటికి రాదు.

తర్వాత వారం కూడా తల దువ్వించుకుని వచ్చి కూర్చుంది. ఆ తర్వాత వారం కూడా. మళ్లీ మళ్లీ ఆ రెండు వాక్యాలే. ఒక రోజు రెండోది కూడా సగంలో ఆగిపోయింది. మానేస్తే ఇదీ పోతుందన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది.

అప్పుడు నాకు చేతనైన దారి ఒకటి తోచింది. నా భార్య చేసిన పెళ్లి కార్డుల నమూనాలు అలమారాలో ఉన్నాయి. వాటి ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అచ్చైన కార్డును పక్కన పెట్టుకుని, తెర మీద గుర్తులను ఒక్కోటీ దానితో జత చేసుకుంటూ పోవచ్చు. "ఆహ్వానం"లో ఉన్న గుర్తు "ఆగమనం"లోనూ రావాలి. "వధువు"లో కొమ్ము "వరుడు"లోనూ కనపడాలి. రెండు వైపుల నుంచీ సరిపోతేనే ఖాయం. గళ్ల కాగితం తీసుకుని మొదలుపెట్టాను. హాస్టళ్ల పని అయ్యాక సాయంత్రాలు అదే పని. ఎవరెవరి పెళ్లిళ్లో, ఎవరెవరి తాతల పేర్లో చదువుతూ, వాటిలోంచి అత్తమ్మ పాటకు అక్షరాలు ఏరుకున్నాను. గువ్వలు గింజలేరినట్టే అని మరదలు ఎగతాళి చేసింది.

పెళ్లి కార్డుల్లో దొరకని గుర్తులు కొన్ని ఉన్నాయి. నాటు పాటలో మాట పెళ్లి కార్డులోకి రాదు కదా. అయినా గువ్వల పాట ముందు తేలింది. మూడో వాక్యం చదవగలిగిన సాయంత్రం మేడమీదికి వెళ్లి, ఎవరూ లేని గదిలో పైకి చదువుకున్నాను. "గువ్వలకు నేనేమి చెప్పుదు ఓ వదినా." ఒక్క వాక్యంలో మాత్రం చిక్కు మిగిలింది. ఫలానా గుండు మీద గూడు కట్టాయని ఉంది. గుండు పేరులో గుర్తులు మరే కార్డులోనూ లేవు. ఆదివారం అత్తమ్మ ముందు దాని పై వాక్యం చదివితే ఆమే అందుకుని చెబుతుంది కదా అనుకుని అక్కడ ఖాళీ వదిలాను.

ఆదివారానికి ముందు గురువారం పొద్దున అత్తమ్మ పక్కమీంచి లేవలేదు. మరదలు కేక వేస్తే కిందికి పరిగెత్తాను. దవాఖానలో మళ్లీ చిన్న పక్షవాతం అన్నారు. పాడకపోవడానికీ దీనికీ సంబంధం ఏమైనా ఉందా అని అడిగాను. డాక్టర్ నా మొహం చూసి, "లేదండీ, అది రక్తనాళాల సంగతి. అలా అనుకోకండి," అన్నారు. నేను ఆ జవాబును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చాలాసార్లు చూసుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. మనుషుల్ని గుర్తుపడుతుంది. ముద్ద పెడితే మింగుతుంది. "ఇగో" అనడం లేదు.

ఆదివారం మరదలు తలదువ్వి, చీర కట్టి, ఎత్తుకుని తెచ్చినట్టే తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. జారిపోకుండా పక్కన దిండ్లు పెట్టింది. నేను తెలుగులోకి తిప్పిన పాటను, కొత్త సిస్టమ్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, తెర మీద పెద్ద అక్షరాలతో పెట్టాను.

"గుండు కింది మడిల నారు పోసిన ఓ వదినా."

ఆగాను. గదిలో ఫ్యాన్ చప్పుడు, బయట నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తున్న చప్పుడు. అత్తమ్మ నా వైపే చూస్తోంది. పెదవులు కదలలేదు. మళ్లీ చదివాను, ఈసారి చేతనైనంత సాగదీసి. మళ్లీ ఆగాను.

"ఆపినవేంది బావా? సదువు," అంది మరదలు వంటగది గుమ్మంలోంచి.

"అత్త అందుకోవాల."

ఆమె తల్లి మొహం చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. తెర మీది వాక్యం చూసుకుంటూ, తనకు తెలిసిన రాగంలో అందుకుంది. "గువ్వలొచ్చి గింజలేరె ఓ వదినా." గొంతు అచ్చం అక్క గొంతే. నేను మూడోది చదివాను, ఆమె నాలుగోది పాడింది. అలా నడుస్తూ గుండు పేరు దగ్గరికి వచ్చాం.

"ఈడ ఖాళీ ఉందేంది?"

"అది గుండు పేరు. దొరకలేదు. ఏ గుండో నీకు తెలుసా?"

"నాకెట్ల ఎరుక? గుండ్లన్ని పేల్చేసిరి." తెర మీది ఖాళీని వేలితో చూపించింది. "పాట ఆగొద్దు బావా. ఏదో ఒక పేరు ఎయ్యి."

"తప్పు పేరు ఎట్లా వేస్తాను?"

"ఎయ్యి అంటున్న కదా."

తెలియని అంకె చోట నేను ఎప్పుడూ ఊహించి రాయలేదు. "నల్లగుండు" అని కొట్టాను. సీమలో మా ఊళ్లో ఒకటి ఉండేది. మరదలు దాన్ని రాగంలో కలిపి పాడింది. "నల్లగుండు మీద గూడు కట్టె ఓ వదినా." పాడి, ఆగి, తల్లి వైపు చూసింది. నేనూ చూశాను. కుర్చీ చెయ్యి మీద అరచేత్తో కొడుతుందని, కాదని మొహం చిట్లిస్తుందని ఇద్దరం చాలాసేపు చూశాం.

అత్తమ్మ మా ఇద్దర్నీ చూస్తూనే ఉంది. అది ఒప్పో తప్పో ఆమె మొహంలో తెలియలేదు.

"తర్వాతది సదువు," అంది మరదలు.

చదివాను.